బందరు రేవులో బంకమట్టి మనిషి

ప్రాగ్ నగరంలో ఒక కథ చెప్తారు. అక్కడి యూదుల పేట మీద ఊరి జనం అబద్ధపు నిందలు వేసి, గుంపులుగా వచ్చి కొట్టిపోతుంటే, ఆ పేట గురువు నది ఒడ్డు నుంచి బంకమట్టి తెచ్చి ఒక మనిషిని చేశాడట. నుదుటి మీద 'ఎమెత్' అని రాశాడట. హీబ్రూలో ఆ మాటకి 'సత్యం' అని అర్థం. మట్టిమనిషి లేచి నిలబడి పేటకి కాపలా కాశాడు. పని అయ్యాక మొదటి అక్షరం చెరిపేస్తే 'మెత్' మిగిలింది, అంటే 'చచ్చినవాడు'. మళ్లీ మట్టిలో కలిసిపోయాడు. ఆ మట్టిమనిషి పేరు గోలెమ్.

ఎక్కడో విన్నట్టుంది కదూ? మన శాలివాహనుడిని గుర్తు తెచ్చుకోండి. కుమ్మరి ఇంట్లో పెరిగిన పిల్లాడు. మట్టితో ఏనుగులు, గుర్రాలు, సైనికులు చేసి ఆడుకునేవాడు. విక్రమార్కుడి సేన మీదకొచ్చిన రోజు ఆ బొమ్మలకే ప్రాణం పోసి యుద్ధానికి పంపాడు. చందమామ చదివిన ఇళ్లలో ఈ కథ తెలియనివాళ్లు ఉండరు. ఆపద వచ్చినప్పుడు మట్టి లేచి మనల్ని కాపాడుతుందన్న ఆశ రెండు చోట్లా ఒకటే.

ప్రపంచంలో ఇప్పుడు యూదుల చరిత్ర, వాళ్ల జానపద కథలు కలిపి రాసే ఫాంటసీ నవలలు బాగా చదువుతున్నారు. హెలీన్ వెకర్ రాసిన నవలలో ఒక గోలెమ్ స్త్రీ 1899లో న్యూయార్క్ చేరి, సీసాలోంచి బయటపడ్డ ఒక జిన్నుతో స్నేహం చేస్తుంది. నవోమి నోవిక్ 'స్పిన్నింగ్ సిల్వర్'లో వడ్డీ వ్యాపారి కూతురు మిర్యెమ్ వెండిని బంగారం చేయగలదన్న మాట మంచురాజ్యపు రాజు చెవిన పడుతుంది. గై గావ్రియెల్ కే అయితే మధ్యయుగపు స్పెయిన్‌కి, అక్కడి యూదులు, ముస్లింలు, క్రైస్తవులకి పేర్లు మార్చి, ఆకాశంలో రెండు చందమామల్ని పెట్టి 1995లో ఒక పెద్ద నవలే రాశాడు. తరిమివేతలు, నిందలు, ఊరవతల బతుకులు అన్నీ ఈ పుస్తకాల్లో ఉంటాయి. కాకపోతే వాటి పక్కనే మాయలూ మంత్రాలూ ఉంటాయి.

పగలు కోడ్ రాసుకుని రాత్రి కిండిల్‌లో ఇలాంటివి చదివే నాకు ఒక ప్రశ్న పట్టుకుంది. ఇలాంటి నవల తెలుగులో వస్తే ఎక్కడ జరగాలి? నా మటుకు జవాబు కృష్ణా దిగువ డెల్టా. గుడివాడ, బందరు, దివిసీమ. ఎందుకో చెప్పడానికే వరసగా కొన్ని శనాదివారాలు ఆ దారుల్లో తిరిగాను. రండి, మిమ్మల్నీ తిప్పుతాను.

గుడివాడ: పేరు మారిన దిబ్బ

విజయవాడలో బందరు రైలు ఎక్కితే గుడివాడ జంక్షన్ వస్తుంది. చాలామందికి గుడివాడ అంటే అక్కినేని నాగేశ్వరరావు పేరున్న కాలేజీ, సినిమా, రాజకీయం. ఈ ఊళ్లో ఒకప్పుడు బౌద్ధ స్తూపం ఉండేది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి గుడివాడ, ఘంటసాల, భట్టిప్రోలు తవ్వకాల గురించి ఒకే పుస్తకంలో రాశాడు. ఈ స్తూపాల దిబ్బల్ని జనం ఏమని పిలిచేవారో తెలుసా? లంజదిబ్బ.

మాట మోటుగా ఉన్నా నేను దాన్ని దాచను. ఎందుకంటే ఈ వ్యాసానికి అదే మొదటి పాఠం. భిక్షువులు వెళ్లిపోయారు. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో చెప్పేవాళ్లు మిగల్లేదు. ఖాళీగా ఉన్న దిబ్బకి ఊరు తనకి తోచిన కథ అల్లింది. ఒక మతంవాళ్లు వాళ్ల కథ వాళ్లు చెప్పుకోవడం ఆగిపోతే ఇతరులు చెప్తారు. ఆ చెప్పడంలో గౌరవం ఉంటుందన్న గ్యారంటీ లేదు.

యూదులు వేల ఏళ్లపాటు దేశం లేకుండా తిరిగినా ఈ గతి పట్టకుండా కాపాడింది వాళ్ల పుస్తకం, వాళ్ల కథలు. ఫాంటసీ రాసుకోవడం వాళ్లకి కాలక్షేపం మాత్రమే కాదన్నమాట.

బందరు: పగడం ఇచ్చి వజ్రం పట్టుకెళ్లిన రేవు

గుడివాడ దాటాక పెడన వస్తుంది. కలంకారీ అచ్చుల ఊరు. కరక్కాయ రసంలో తడిపి ఆరేసిన బట్ట మీద చెక్క అచ్చు పడుతుంటే ఆ చప్పుడుకి ఒక తాళం ఉంటుంది. పాత ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లతో నలుపు, పటికతో ఎరుపు. ఈ బట్ట కోసమే పదిహేడో శతాబ్దంలో పర్షియా నుంచి, హాలెండ్ నుంచి, ఇంగ్లండ్ నుంచి ఓడలు బందరు వచ్చాయి. ఇంగ్లీషువాళ్లు ఇక్కడ కొఠీ పెట్టింది 1611లో. మద్రాసు పుట్టుక ఆ తర్వాత మాట.

బందరు గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. కొల్లూరు గనుల వజ్రాలతో ఆ రాజ్యం పేరు ప్రపంచమంతా మోగింది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే 1652లో ఇక్కడే ఓడ దిగాడు. ఇక మన నవలకి పనికొచ్చే ముక్క వినండి. ఆ శతాబ్దం చివరికి గోల్కొండ వజ్రాల వ్యాపారంలో లండన్ యూదు వర్తకులు పెద్ద చెయ్యి వేశారు. మధ్యధరా సముద్రపు పగడాలు ఇటలీలోని లివోర్నో రేవు మీదుగా లండన్‌కి, అక్కణ్నుంచి మద్రాసుకి. తిరుగు ఓడలో వజ్రాలు. జాక్ ద పైవా అనే యూదు వర్తకుడు మద్రాసులో కాపురం పెట్టి, గోల్కొండ గనుల దాకా వెళ్లి, 1687లో చనిపోయాడు. మరుసటి ఏడు మద్రాసు కార్పొరేషన్ పెట్టినప్పుడు అందులో యూదు వర్తకులకీ చోటు ఇచ్చారు.

మా అమ్మ నల్లపూసల్లో రెండు పగడాలుంటాయి. మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. ఆ పగడం ఏ సముద్రంలోదని ఎప్పుడైనా ఆలోచించామా? మన పెళ్లికూతురి మెడలో ఎర్రపూసకీ, లివోర్నో యూదుల పేటకీ మధ్య ఒక ఓడదారి ఉండేది. ఇందులో ఫాంటసీ ఏమీ లేదు. వ్యాపారం లెక్క అంతే. కానీ నవల మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు కనపడలేదు.

ఇంకొకాయన ఉన్నాడు. పేరు సర్మద్. పర్షియన్ యూదు వర్తక కుటుంబంలో పుట్టి, తర్వాత ఇస్లాం పుచ్చుకుని, సరుకులతో సింధు దేశం వచ్చాడు. థట్టాలో అభయ్ చంద్ అనే కుర్రాడి మీద ప్రేమలో పడి, వ్యాపారం వదిలేసి, బట్టలు కూడా వదిలేసి ఫకీరు అయ్యాడు. 1647లో ఈయన హైదరాబాదులో ఉన్నాడు. 'దబిస్తాన్' అనే పర్షియన్ మతగ్రంథం రాసినాయన ఆయన్ని అక్కడే కలిశాడు. ఆ గ్రంథంలో యూదుల మతం గురించిన అధ్యాయానికి సర్మద్ చెప్పిన సంగతులే ఆధారం. అభయ్ చంద్ యూదుల ధర్మగ్రంథంలో కొంత భాగాన్ని పర్షియన్‌లోకి తెచ్చాడు, అదీ అందులోనే ఉంది. అబ్దుల్లా కుతుబ్ షా ఏలుతున్న గోల్కొండలో కూర్చుని ఒక నగ్న ఫకీరు ఆదికాండం గురించి మాట్లాడుతున్నాడన్నమాట!

తర్వాత ఢిల్లీ వెళ్లి దారా షికోకి దగ్గరయ్యాడు. ఔరంగజేబు తల తీయించాడు. తెగిన తలని తానే చేత పట్టుకుని జామా మసీదు మెట్లెక్కాడని ఢిల్లీ జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. హైదరాబాదు నుంచి బందరుకి దిగే పాత బాట దాదాపు ఇవాళ్టి 65వ నంబరు జాతీయ రహదారే. ఆ బాట మీద, బట్టల మూటలు మోసే ఎడ్లబండ్ల వెనకాల సర్మద్‌ని నడిపించడం మాత్రం నవల రాసేవాళ్ల పని. చరిత్ర ఆయన్ని హైదరాబాదు దాకా తెచ్చి వదిలింది. మిగతా దూరం ఊహది.

బందరుకి ఊహ కొత్తేమీ కాదు. ఇక్కడి సెయింట్ మేరీస్ చర్చి చూడండి. అరబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయి 1809లో చనిపోతే, ఆమెని ప్రేమించిన సైనికాధికారి జాన్ పేటర్ ఆమె కోసం కట్టించిన చర్చి ఇది. శవాన్ని గాజుపెట్టెలో ఉంచేవారని, మర నొక్కితే లేచి కూర్చునేదని బందరు పెద్దవాళ్లు చెప్తారు. నన్ను ఎక్కించుకున్న ఆటో ఆయన, "మీరూ దయ్యం చర్చికేనా మాస్టారూ?" అని అడిగాడు. అవునన్నాను. "దయ్యం లేదండీ, పాపం ప్రేమ కథ," అని ఆయనే సర్దిచెప్పాడు. కోటలో డచ్చివాళ్ల కట్టడాలు శిథిలమై ఉన్నాయి. డచ్ సమాధుల రాళ్ల మీద కులచిహ్నాలు ఇంకా చెక్కుచెదరలేదు. చూసొచ్చాక తొక్కుడు లడ్డు తినండి, నడిచిన అలసట తీరుతుంది.

కథ కాని కథ

ఇప్పుడు అసలు సంగతి. నేను ఈ ప్రయాణం గురించి చెప్పగానే ఆఫీసులో ఒక ఫ్రెండ్, "బందరులో యూదులున్నారటగా, తప్పిపోయిన తెగ అట. సూపర్ ప్లాట్ రా!" అన్నాడు.

ఉన్నారు. బెనె ఎఫ్రాయిమ్ అంటారు, అంటే ఎఫ్రాయిమ్ పిల్లలు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఎక్కువమంది, బందరులో కొద్ది కుటుంబాలు. షమూయేల్, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ముల చొరవతో 1980, 90 దశకాల్లో ఈ సమాజం బయటికి కనపడింది. కొత్తరెడ్డిపాలెంలో ప్రార్థనా మందిరం ఉంది. శనివారం సబ్బాతు పాటిస్తారు. వీళ్లు మాదిగ కుటుంబాల వాళ్లు, అంతకుముందు క్రైస్తవులు. క్రీస్తుకి ముందు ఎనిమిదో శతాబ్దంలో అస్సీరియా రాజులు ఇజ్రాయెల్‌ని జయించినప్పుడు చెదిరిపోయిన పది తెగల్లో ఒక తెగవాళ్లమని, పర్షియా మీదుగా, ఉత్తర భారతం మీదుగా తెలుగుదేశం చేరామని వాళ్లు చెప్తారు. యూలియా ఎగోరొవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వాళ్ల మధ్య తిరిగి 2013లో ఒక పుస్తకం ప్రచురించారు. ఎక్కడ రుజువు అని అడగడం కంటే, ఈ కథ వాళ్లకి ఏం ఇస్తోంది, ఏం తీసుకుంటోంది అన్నది ఆ పుస్తకంలో ముఖ్యం.

ఏం తీసుకుంటోందో చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకి, తర్వాతి సవరణలతో సిక్కులకి, బౌద్ధులకి మాత్రమే షెడ్యూల్డు కులం హోదా ఉంటుంది. యూదులమని కాగితం మీద రాసుకుంటే ఆ హోదా పోతుంది. అటు ఇజ్రాయెల్‌లో చూస్తే, మణిపూర్, మిజోరం నుంచి బెనె మెనాషె అనే వాళ్లని 2005లో అక్కడి ప్రధాన రబ్బీ ఒకరు గుర్తించారు, వేలమంది వలస వెళ్లారు. తెలుగువాళ్లకి అలాంటి గుర్తింపు రాలేదు. అంటే ఇక్కడ ఉన్నది పోతుంది, అక్కడిది చేతికి రాదు. ఆ మధ్యలో నిలబడి కూడా 'మేము వీళ్లం' అని చెప్పుకుంటున్నారంటే అది ప్లాట్ కాదు. బతుకు.

పైగా మూలకథ చెప్పుకోవడం మాదిగలకి కొత్త కాదు. జాంబపురాణం ఉంది. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే పుట్టినవాడు మా జాంబవుడు అని అందులో మొదలవుతుంది. ఊరవతల ఉంచిన మనిషి, ఊరు పుట్టకముందే నేనున్నాను అని పాడుతున్నాడు. అందులో ఉన్న ధైర్యం ముందు మనం చదివే ఏ ఫాంటసీ నవలా నిలబడదు. ఎఫ్రాయిమ్ కథని ఈ పురాణం పక్కన పెట్టి చూస్తే, రెండూ అవమానానికి జవాబులే.

అందుకే బందరులో వాళ్ల ఇళ్లెక్కడో కనుక్కుని తలుపు కొట్టాలని నాకు అనిపించలేదు. శనివారం ప్రార్థన చేసుకునే కుటుంబం చర్చి గోపురంలాగా, కోట గోడలాగా చూసి రావాల్సిన వింత కాదు. ఎవరైనా పిలిస్తే వెళ్లాలి, పిలవకపోతే ఊరి వీధుల్లో నడిచి రావాలి.

నవలకీ నమ్మకానికీ మధ్య గీత సన్నది. ప్రాగ్ గోలెమ్ కథనే తీసుకోండి. ఆ గురువు రబ్బీ లోవ్ నిజంగా ఉన్నాడు, 1609లో చనిపోయాడు. గోలెమ్ కథ ఆయన పేరుకి అతుక్కున్నది మాత్రం పందొమ్మిదో శతాబ్దంలో. 1909లో యూద్ల్ రోసెన్‌బర్గ్ అనే రబ్బీ దాన్ని తాను రాసి, పాత రాతప్రతి దొరికిందని చెప్పి అచ్చేశాడు. చాలామంది చరిత్రే అనుకున్నారు. ఊహ అందంగా ఉండొచ్చు, కానీ అది ఊహ అని చదివేవాళ్లకి తెలియాలి. బతికున్న మనుషుల నమ్మకాన్ని ఎత్తుకొచ్చి మన ఊహకి ముడిసరుకు చేస్తే మాత్రం, అది మళ్లీ ఆ దిబ్బకి పేరు పెట్టిన పనే అవుతుంది.

దివిసీమ: పేర్లు

బందరు నుంచి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వైపు వెళ్తే దారికి దగ్గర్లోనే ఘంటసాల. గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన కంటకోస్సిల ఇదేనని పండితుల మాట. అంటే రెండో శతాబ్దంలోనే ఈ రేవు పేరు మధ్యధరా తీరంలో తెలుసు. అక్కడి మ్యూజియంలో పాలరాతి శిల్పాలు తప్పక చూడండి.

కృష్ణ రెండు పాయలై, మధ్యలో దివిసీమ. నాగాయలంక, కోడూరు దాటి హంసలదీవి దాకా వెళ్తే పాయ సముద్రంలో కలుస్తుంది. కాకి ఇక్కడ మునిగి హంసై లేచిందని స్థలపురాణం. కాళ్ల కింద బంకమన్ను. నది వందల మైళ్ల నుంచి మోసుకొచ్చి పోసిన ఒండ్రు. గోలెమ్ చెయ్యడానికి ఇంతకంటే మంచి మట్టి ఎక్కడ దొరుకుతుంది అనుకున్నాను.

కానీ ఈ మట్టి మీద ఊహ చెయ్యడానికి చెయ్యి వణుకుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది ఇక్కడే. సొర్లగొంది లాంటి ఊళ్లు ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్లు సుమారు పదివేలు. అంతకుముందు 1864 నవంబరు 1న బందరుని ముంచిన ఉప్పెనలో దాదాపు ముప్పైవేలు. నాగాయలంకలో టీకొట్టు దగ్గర కూర్చున్న ఒక మామ్మగారిని అడిగాను, ఆ రాత్రి గుర్తుందా అని. "గుర్తుండకేం బాబూ" అని ఆగి, వేళ్ల మీద పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. అత్తగారు, తోడికోడలు, ఇద్దరు పిల్లలు, పక్కింటి ముసలాయన, వాళ్ల గేదె. గేదెకీ పేరుంది. నేను అంకెలు అడుగుతానేమో అనుకున్నాను, ఆవిడ దగ్గర అంకెల్లేవు.

జెరూసలేంలో యాద్ వషేమ్ అనే స్మారకం ఉంది. హిట్లర్ చంపించిన అరవై లక్షల యూదుల కోసం 1953లో పెట్టారు. ఆ మాటకి అర్థం 'ఒక గుర్తు, ఒక పేరు' అని. అరవై లక్షలు అని ఊరుకోకుండా, ఒక్కొక్కరి పేరూ వెతికి రాస్తున్నారు. మామ్మగారు టీకొట్టు దగ్గర చేసిందీ అదే పని. ఆవిడకి ఎవరూ భవనం కట్టివ్వలేదు, అంతే తేడా.

ఆ మధ్యాహ్నం నాకు అర్థమైంది, తెలుగు గోలెమ్ నవల ఎలా ఉండాలో. మట్టిమనిషి కత్తి పట్టుకుని యుద్ధం చెయ్యక్కర్లేదు. ఉప్పెన రాత్రి కరకట్ట మీద నిలబడి, నీళ్లలో కొట్టుకుపోతున్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిస్తే చాలు. శాలివాహనుడి బొమ్మల్లోంచి ఒకటి, సర్మద్ నేర్పిన అక్షరాలతో, పగడాలు దిగిన రేవులో లేవాలి. నుదుటి మీద ఏ లిపి ఉన్నా మాట ఒకటే, సత్యం.

రాసేవాళ్లు ఎవరైనా కావచ్చు. బందరు వీధుల్లో శనివారం దీపం వెలిగించే ఇంట్లో పుట్టిన అమ్మాయి రాస్తే మరీ మంచిది. అప్పుడు వాళ్ల కథ వాళ్ల నోటి నుంచే వింటాం.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. ఎండాకాలం వద్దు, ఉక్కపోత చంపేస్తుంది. డిసెంబరు, జనవరి మంచిది. బందరు, పెడన ఒక రోజు, ఘంటసాల, హంసలదీవి ఇంకో రోజు. నాగాయలంకలో టీ తాగేటప్పుడు పక్కన పెద్దవాళ్లుంటే తొందరపడి లేవకండి. వాళ్లు పేర్లు చెప్తారు. ఫోన్ జేబులో పెట్టుకుని వినండి.